ఏ రాత్రి ఎంత ఎత్తులో?

పిల్లలూ, దసరా వెళ్ళాక డార్జిలింగ్ దగ్గర సింగలీలా కొండల మీద అయిదారు రోజులు నడిచి వస్తామంటున్నారు. మంచి ఆలోచన. మీరు రాసుకున్న కాగితం చూశాను. రైలు టిక్కెట్ల లెక్క ఉంది, బూట్ల ధరలున్నాయి, ఎక్కడెక్కడ ఫొటోలు తీసుకోవాలో ఉంది. ఏ రాత్రి ఎంత ఎత్తులో పడుకుంటారో మాత్రం లేదు. ఎత్తయిన కొండల్లో నడకకు మొట్టమొదట రాసుకోవలసింది అదే. మిగతావన్నీ దాన్ని బట్టే కుదురుతాయి. ఎలాగో చెబుతాను, కూర్చోండి.

ముందు ఆ చోటు ఎలాంటిదో చూద్దాం. సింగలీలా అనేది పశ్చిమ బెంగాల్‌కీ నేపాల్‌కీ మధ్య ఉత్తర దక్షిణాలుగా సాగే కొండల వరస. మీరు నడవబోయేది ఆ వరస నడినెత్తిన. దారి కాసేపు నేపాల్‌లోకి పోతుంది, కాసేపటికి మళ్ళీ మన దేశంలోకి వస్తుంది. నడకలో మొదటి రాత్రి బస చేసే తుమ్లింగ్ నేపాల్ వైపు ఊరే. అందుకని గుర్తింపు కార్డు జేబులో ఉండాలి. ఈ వరస మీదే సందక్‌ఫూ ఉంది. 3,636 మీటర్ల ఎత్తుతో పశ్చిమ బెంగాల్‌లో అన్నిటికన్నా ఎత్తయిన చోటు అది. చుట్టూ ఉన్న అడవి 1992లో జాతీయ పార్కు అయింది. ఎర్ర పాండా ఇంకా మిగిలి ఉన్న కొద్ది చోట్లలో అదొకటి. వానాకాలంలో, జూన్ మధ్య నుంచి సెప్టెంబరు మధ్య దాకా, పార్కు మూసేస్తారు. గైడును తీసుకెళ్ళడం తప్పనిసరి.

ఇప్పుడు గాలి సంగతి. కొండ మీద ఆక్సిజన్ శాతం తగ్గిపోతుందని చాలామంది అనుకుంటారు. శాతం తగ్గదు. హైదరాబాదులోనైనా, సందక్‌ఫూలోనైనా, ఎవరెస్టు నెత్తినైనా గాలిలో ఆక్సిజన్ సుమారు 21 శాతమే. తగ్గేది గాలి ఒత్తిడి. పడకగదిలో బొంతలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉంచుతాం కదా. అన్నిటికన్నా కింది బొంత పై వాటి బరువుకి నలిగి గట్టిగా ఉంటుంది, పైది వదులుగా ఉంటుంది. గాలీ అంతే. సముద్రం ఒడ్డున నెత్తి మీద గాలంతా ఉంటుంది కాబట్టి అక్కడ అణువులు దగ్గర దగ్గరగా ఉంటాయి. పైకి పోయేకొద్దీ నెత్తి మీద మిగిలే గాలి తగ్గుతుంది, అణువులు ఎడం అవుతాయి. సందక్‌ఫూలో గాలి ఒత్తిడి సముద్ర మట్టంలో ఉండేదానిలో సుమారు 64 శాతం. అంటే ఒక్కో ఊపిరికీ లోపలికి వెళ్ళే ఆక్సిజన్ మూడోవంతుకు పైగా తగ్గిపోయినట్టే. మీరు తీసుకెళ్ళే చిప్స్ ప్యాకెట్టు అక్కడ ఉబ్బి కనిపిస్తుంది. లోపల మన ఊరి ఒత్తిడి, బయట కొండ ఒత్తిడి.

ఒంటికి ఈ సంగతి వెంటనే తెలిసిపోతుంది. ముందు ఊపిరి వేగం పెరుగుతుంది, గుండె తొందర పడుతుంది. అయితే ఊపిరి ఎక్కువ తీస్తే రక్తంలోంచి కార్బన్ డయాక్సైడ్ కూడా ఎక్కువ పోయి, రక్తానికి క్షార గుణం వస్తుంది. అప్పుడు మెదడు ‘ఇక తగ్గించు’ అని ఊపిరికి కళ్ళెం వేస్తుంది. ఈ పేచీ తీర్చేవి మూత్రపిండాలు. అదనంగా ఉన్న బైకార్బొనేట్‌ని మూత్రంలో బయటికి పంపి రక్తాన్ని సర్దుతాయి. అందుకే కొండల మీద మొదటి రెండు రోజులూ మాటిమాటికీ మూత్రానికి వెళ్ళవలసి వస్తుంది. అది మంచి గుర్తే, భయపడకండి. కాకపోతే ఈ సర్దుబాటుకి రోజులు పడతాయి. ఎర్ర రక్తకణాలు పెరగడానికైతే వారాలే పడతాయి. మనం ఎంత తొందరపడినా మూత్రపిండాలు తొందరపడవు.

మరి ఎత్తుని రాత్రితో ఎందుకు లెక్కపెట్టడం అంటారా? మెలకువగా ఉన్నప్పుడు కాస్త ఆయాసం వస్తే ఆగుతాం, గట్టిగా ఊపిరి తీసుకుంటాం. నిద్రలో ఆ వీలు లేదు. ఊపిరి నెమ్మదిస్తుంది. ఎత్తు మీద నిద్రపోయే మనిషికి ఊపిరి కొన్ని క్షణాలు ఆగి, మళ్ళీ గబగబా సాగడం కూడా మామూలే. రక్తంలో ఆక్సిజన్ బాగా తక్కువకి దిగేది ఆ వేళలోనే. అందుకే కొండ వైద్యులు పగలు ఎంత ఎక్కావన్నది కాక రాత్రి ఎక్కడ పడుకున్నావన్నది చూస్తారు. వాళ్ళు చెప్పే లెక్క ఇది: 3,000 మీటర్లు దాటాక, ముందు రాత్రి పడుకున్న చోటికంటే ఈ రాత్రి పడక 500 మీటర్లకు మించి ఎత్తులో ఉండకూడదు. మూడు నాలుగు రోజులకొకసారి ఒక రాత్రి అదే ఎత్తులో ఆగాలి.

ఆ లెక్కని సింగలీలా మీద పెట్టి చూద్దాం. మీ రైలు న్యూ జల్‌పాయిగురిలో దింపుతుంది. అది సముద్ర మట్టానికి నూరు మీటర్లకు కాస్త పైన. ఆ రోజే డార్జిలింగ్ చేరి అక్కడ పడుకోండి, సుమారు 2,000 మీటర్లు. మర్నాడు మానేభంజాంగ్ దాకా బండిలో వెళ్ళి, అక్కణ్ణుంచి నడక మొదలు. మొదటి బస తుమ్లింగ్, సుమారు 2,970 మీటర్లు. రెండో బస కాలీపోఖరీ, 3,186 మీటర్లు. ఆ రోజు దారి మధ్యలో గైరీబాస్ దాకా 2,600 మీటర్లకు దిగి మళ్ళీ ఎక్కుతుంది. దిగి ఎక్కడం విసుగనిపిస్తుంది కానీ ఒంటికి మేలే. మూడో బస సందక్‌ఫూ, 3,636 మీటర్లు. నాలుగోది ఫాలుట్, సుమారు 3,600. అయిదోది కిందికి దిగి గోర్ఖే, 2,300 దాకా. ఆ పైన రిమ్బిక్ చేరి బండెక్కడం. చూశారా, తుమ్లింగ్ నుంచి సందక్‌ఫూ దాకా ఏ రాత్రికీ పడక 500 మీటర్లు మించి పెరగలేదు. పెద్ద ఎగుడు ఒక్కటే, డార్జిలింగ్ నుంచి తుమ్లింగ్‌కి. అది 3,000 లోపే కాబట్టి చాలామంది తట్టుకుంటారు. మీకు సెలవు మిగిలితే డార్జిలింగ్‌లోనే ఇంకో రాత్రి ఉండండి.

ఇదే సందక్‌ఫూకి మానేభంజాంగ్ నుంచి జీపులు కూడా పోతాయి. ముప్ఫై కిలోమీటర్ల పైచిలుకు దారి. పొద్దున బయలుదేరితే మధ్యాహ్నానికి పైన ఉంటారు. అంటే పూట తిరక్కుండా 1,600 మీటర్లు ఎక్కేసి, ఆ రాత్రి అక్కడే పడుకోవడం. జీపు ఎక్కినవాడికి కాళ్ళు నొప్పెట్టవు, తల మాత్రం నొప్పెడుతుంది. నడిచి వెళ్ళినవాడికి నడకే మందు, అది నెమ్మది కాబట్టి.

‘తాతయ్యా, నేను రోజూ అయిదు కిలోమీటర్లు పరుగెడతాను, నాకేమవుతుంది’ అని చిన్నవాడు అంటున్నాడు. పరుగు మంచిదే నాయనా, సంచీ మోయడానికీ మెట్టలెక్కడానికీ పనికొస్తుంది. ఎత్తు జబ్బుని మాత్రం అది ఆపదు. ఆటగాళ్ళకీ వస్తుంది, పడుచువాళ్ళకీ వస్తుంది. పైగా బలం ఉన్నవాడు గబగబా ఎక్కేసి ముందే చిక్కుకుంటాడు. మన తెలుగు నేల మీద అన్నిటికన్నా ఎత్తయిన అర్మకొండే 1,680 మీటర్లు. కాబట్టి మన ప్రాంతం నుంచి వెళ్ళేవాళ్ళందరూ హిమాలయాల్లో ఒకే గీత దగ్గర మొదలుపెట్టాలి. నిజామాబాద్ జిల్లా పిల్ల మాలావత్ పూర్ణ పదమూడేళ్ళకే, 2014 మే 25న, ఎవరెస్టు ఎక్కింది. ఆమె కూడా ముందు భువనగిరి రాతికొండ మీద, తర్వాత డార్జిలింగ్‌లో శిక్షణ తీసుకుని, ఒంటిని చలికీ ఎత్తుకీ అలవాటు చేసుకున్నాకే వెళ్ళింది.

జబ్బు గుర్తులు కాగితం మీద రాసుకోండి. తలనొప్పి, దానికి తోడు వికారం గానీ, తల తిరగడం గానీ, మామూలుగా లేని నీరసం గానీ ఉంటే అది ఎత్తు జబ్బే అనుకోవాలి. ఆ రోజుకి ఇక పైకి ఎక్కకూడదు. ఉన్నచోటే ఆగాలి. తగ్గితే మర్నాడు కదలాలి, పెరిగితే దిగాలి. కూర్చున్నా ఆయాసం తగ్గకపోయినా, దగ్గు పట్టుకున్నా ఊపిరితిత్తుల్లో నీరు చేరుతోందని అర్థం. మనిషి తూలుతున్నా, మాట తడబడినా మెదడు వాస్తోందని అర్థం. ఒక కాలి మడమకి ఇంకో కాలి వేలు ఆనించి తిన్నగా గీత మీద నడవమనండి. నడవలేకపోతే రాత్రని, వానని చూడకుండా వెంటనే తోడిచ్చి కిందికి దింపాలి. ఎసెటజోలమైడ్ అనే మాత్ర పనిచేస్తుంది, కానీ అది డాక్టరుని అడిగాకే. మద్యం, నిద్రమాత్రలు ఊపిరిని ఇంకా మందగింపజేస్తాయి, వాటి జోలికి పోవద్దు. ఇంకో మాట. తలనొప్పి ఉంటే దాచకుండా చెప్పాలని మీ అందరి మధ్యా ముందే ఒప్పందం ఉండాలి.

బసలు కుదిరాయి కాబట్టి ఇప్పుడు రోజుల లెక్క. స్కాట్లండుకు చెందిన విలియం నైస్మిత్ అనే ఆయన 1892లో ఒక సూత్రం చెప్పాడు. అయిదు కిలోమీటర్లకు ఒక గంట, ఆపైన ఎక్కే ప్రతి 600 మీటర్లకూ ఇంకో గంట. మానేభంజాంగ్ నుంచి తుమ్లింగ్ సుమారు 11 కిలోమీటర్లు, ఎక్కుడు వెయ్యి మీటర్లు. దూరానికి రెండు గంటల పావు, ఎక్కుడుకి గంటా నలభై నిమిషాలు. దగ్గర దగ్గర నాలుగు గంటలు. ఇది బరువు లేకుండా, ఆగకుండా, చిన్న కొండల్లో నడిచేవాడి లెక్క. పలచటి గాలికీ, వీపున సంచీకీ, టీకీ, ఫొటోలకీ సగం కలపండి, ఆరు గంటలు. సందక్‌ఫూ నుంచి ఫాలుట్ రోజు 21 కిలోమీటర్లు. దానికి పగలంతా కేటాయించాలి.

పగలెంత ఉంటుందో కూడా చూసుకోవాలి. మన గడియారం కాకినాడకు దగ్గరగా పోయే 82.5 డిగ్రీల రేఖాంశాన్ని పట్టుకుని నడుస్తుంది. సందక్‌ఫూ 88 డిగ్రీల మీద ఉంది. భూమి ఒక్కో డిగ్రీ తిరగడానికి నాలుగు నిమిషాలు. అక్కడ ఉత్తరాన ఉండడం వల్ల చలికాలపు పగలు ఇంకా చిన్నది. రెండూ కలిసి నవంబరులో హైదరాబాదు కంటే దాదాపు గంట ముందే పొద్దు కుంకుతుంది. అయిదు కాకుండానే చీకటి మొదలవుతుంది. కాబట్టి మధ్యాహ్నం మూడుకల్లా బస చేరేలా, పొద్దున ఏడింటికే కదిలేలా రాసుకోండి.

పొద్దున్నే కదలడానికి ఇంకో కారణం మబ్బు. ఎండ తగిలి కొండవాలు వేడెక్కుతుంది, దానికి ఆనుకున్న గాలీ వేడెక్కి వాలు వెంట పైకి పాకుతుంది. లోయలోని తేమను వెంట తెస్తుంది. పైకి వచ్చేకొద్దీ ఒత్తిడి తగ్గి గాలి వ్యాకోచిస్తుంది, చల్లబడుతుంది, తేమ మబ్బు కడుతుంది. ఆ మబ్బు వచ్చి కూర్చునేది సరిగ్గా మీరు నడిచే దారి మీదే. రాత్రి చల్లటి గాలి తిరిగి లోయలోకి జారిపోయి, తెల్లవారేసరికి ఆకాశం తేరుకుంటుంది.

ఇక నీళ్ళు. కొండల్లో నీళ్ళకేం కొదవ అనుకుంటారు. వరస నడినెత్తిన ఉండేవాడికి కొదవే. అక్కడ పడిన వాన చుక్క సగం ఇటు వాలుకి, సగం అటు వాలుకి పోతుంది. వాగు పుట్టాలంటే కొంత మేర నీళ్ళు ఒక చోట చేరాలి, పైన ఆ చోటు లేదు. ఊటలు కిందెక్కడో ఉంటాయి. బసల్లో నీళ్ళు అక్కడివాళ్ళు ఎంతో కష్టపడి తెచ్చుకున్నవి. అక్కడ స్నానాలకు ఆశపడకండి. బయలుదేరేటప్పుడే మనిషికి రెండు లీటర్లు నింపుకోండి. రోజు మొత్తానికి మూడు లీటర్లు తాగాలి. చల్లటి పొడి గాలిలో ఊపిరితోనే చాలా తేమ పోతుంది, దాహం మాత్రం వేయదు. అందుకని దాహం కోసం చూడకుండా గంటగంటకూ తాగండి.

నీళ్ళు కాచుకోవడంలోనూ ఒత్తిడి కథే ఉంది. సందక్‌ఫూలో నీళ్ళు 88 డిగ్రీల దగ్గరే మరిగిపోతాయి. మంట ఎంత పెంచినా అంతకు మించి వేడెక్కవు. క్రిములు చావడానికి అది చాలు. 2,000 మీటర్లు దాటాక మూడు నిమిషాలు తెర్లనివ్వమంటారు, అంతే. ఉడకడానికి మాత్రం చాలదు. 1835లో చార్లెస్ డార్విన్ ఆండీస్ కొండలు దాటుతూ పైన ఒక రాత్రి ఆగాడు. బంగాళాదుంపలు పొయ్యి మీద పెట్టి రాత్రంతా ఉంచి, పొద్దున మళ్ళీ ఉడికించినా ఉడకలేదు. వెంట వచ్చినవాళ్ళు కొత్త కుండకి ఏదో శాపం ఉందని తేల్చారు. తప్పు కుండది కాదు, గాలిది. ఆ డార్విన్‌కి ప్రాణస్నేహితుడు జోసెఫ్ హుకర్ అనే వృక్షశాస్త్రవేత్త 1848లో మీరు నడిచే ఈ సింగలీలా మీదికే, తుమ్లింగ్ పక్కనున్న టోంగ్లూకి వచ్చాడు. హిమాలయాల్లో తిరిగినన్నాళ్ళూ ఆయన నీళ్ళు ఎన్ని డిగ్రీల దగ్గర మరుగుతున్నాయో థర్మామీటరుతో చూసి కొండల ఎత్తు లెక్కకట్టేవాడు. సుమారు 300 మీటర్లకు ఒక డిగ్రీ తగ్గుతుంది. మీరూ ఒక థర్మామీటరు పట్టుకెళ్ళి చూడండి, బోర్డు మీద రాసిన ఎత్తుకి దగ్గరగా వస్తుందో లేదో.

ఈ దారి పొడుగునా బసల్లో అన్నం, పప్పు, ఆలుగడ్డ కూర దొరుకుతాయి, కుక్కరు వాళ్ళకి ఉంది. దారిలో తినడానికి మీ సంచీలో అటుకులు పెట్టుకోండి. అవి ముందే ఉడికి, ఎండి, దంచినవి కాబట్టి 88 డిగ్రీల నీళ్ళకే మెత్తబడతాయి. పల్లీ చిక్కీ, ఖర్జూరాలు, వేయించిన శనగలు కూడా. కొవ్వు గ్రాముకి తొమ్మిది క్యాలరీలు, పిండిపదార్థం నాలుగు. బరువు తక్కువ, బలం ఎక్కువ కావాలంటే వేరుశనగకి మించింది లేదు. ఎత్తు మీద ఆకలి మందగిస్తుంది, కాబట్టి నోటికి ఇష్టమైనవే తీసుకెళ్ళండి.

చలి లెక్క చెప్పి సంచీ సర్దుదాం. ప్రతి వెయ్యి మీటర్లకూ సగటున 6.5 డిగ్రీలు తగ్గుతుంది. కింద మైదానంలోని సిలిగురిలో 25 డిగ్రీలుంటే సందక్‌ఫూలో పట్టపగలు రెండో మూడో. రాత్రికి సున్నా దిగుతుంది. దీనికి గాలి తోడవుతుంది. కొండల వరస అడ్డం వచ్చేసరికి గాలి దాని మీదుగా ఇరుకున దూరి వేగం పెంచుకుంటుంది. సున్నా డిగ్రీల దగ్గర గంటకు 40 కిలోమీటర్ల గాలి వీస్తే ఒంటికి మైనస్ ఏడులా తగులుతుంది. ఒంటి చుట్టూ మనమే వేడిచేసుకున్న పలచటి గాలి పొరను అది ఊడ్చుకుపోతుంది కాబట్టి. తడి అంతకన్నా చెడ్డది. నీళ్ళు గాలి కంటే ఇరవై రెట్లకు పైగా వేగంగా వేడిని లాగేస్తాయి. నూలు బనీను చెమటను పీల్చి పట్టుకుంటుంది. ఎక్కేటప్పుడు చెమట, ఆగగానే వణుకు. మన ఊళ్ళో నూలుకి సాటి లేదు, అక్కడ మాత్రం వద్దు. ఒంటికి ఉన్ని గానీ సింథటిక్ గానీ, దాని పైన స్వెట్టరు, ఆ పైన గాలీ వానా దూరని కోటు. ఎక్కేటప్పుడు చెమట పట్టకముందే ఒకటి తీసేయాలి, ఆగినప్పుడు చలి పుట్టకముందే వేసుకోవాలి. పడుకునేటప్పుడు వేసుకునే జత ఒకటి ప్లాస్టిక్ సంచీలో కట్టి విడిగా ఉంచండి. దాన్ని పగలు ముట్టుకోవద్దు.

ఎండ మాటా మరవకండి. వెయ్యి మీటర్లకు పది శాతం చొప్పున అతినీలలోహిత కిరణాలు పెరుగుతాయి, చలిలో ఒళ్ళు కాలుతున్నట్టే తెలియదు. టోపీ, నల్లకళ్ళద్దాలు ఉండాలి. ఫోను బ్యాటరీలో రసాయన చర్య చలికి మందగించి చార్జి చప్పున పడిపోతుంది, రాత్రి దుప్పట్లో పెట్టుకోండి. సంచీ మొత్తం మీ బరువులో అయిదో వంతుకు మించకూడదు. బరువైనవి వీపుకి ఆనేలా, భుజాలకు కాస్త కింద సర్దండి. నడుం పట్టీ బిగిస్తే బరువు భుజాల మీంచి తుంటి ఎముకల మీదికి దిగుతుంది. కూలీని పెట్టుకుంటే అతనికీ చలికోటు, తిండి, పడక ఉన్నాయో లేదో చూడడం మీ బాధ్యత.

ఏప్రిల్, మే నెలల్లో వెళితే గురాస్ అనే కొండపూలు కొండల్ని ఎర్రగా కమ్మేస్తాయి కానీ మధ్యాహ్నాలు ఉరుములు వస్తాయి. మెరుపుకీ ఉరుముకీ మధ్య మూడు క్షణాలైతే పిడుగు ఒక కిలోమీటరు దూరంలో ఉన్నట్టు. ముప్ఫై లోపుంటే నడినెత్తి వదిలి వాలు కిందికి దిగాలి, ఒంటరి చెట్టు కిందికి చేరకూడదు. చివరి ఉరుము విన్నాక అరగంట ఆగాలి. మీరు వెళ్ళే నవంబరులో ఆ బెడద తక్కువ, ఆకాశమూ బాగా తేటగా ఉంటుంది.

అప్పుడు కనిపించేది చూడండి. ప్రపంచంలోని మొదటి అయిదు ఎత్తయిన శిఖరాల్లో నాలుగు ఒకే చోట నిలబడి చూడొచ్చు: ఎవరెస్టు, కాంచనజంగ, లోత్సే, మకాలు. కాంచనజంగ ఎవరెస్టు కంటే రెండు వందల యాభై మీటర్ల పైచిలుకు పొట్టి, అయినా అదే పెద్దగా కనిపిస్తుంది. కాంచనజంగ సుమారు 70 కిలోమీటర్లలో ఉంది, ఎవరెస్టు 140 దాటి ఉంది. పైగా అంత దూరంలో భూమి వంపు వల్లనే ఎవరెస్టు కిలోమీటరున్నర దాకా కిందికి దిగినట్టు కనిపిస్తుంది. భూమి గుండ్రంగా ఉందని చిన్నప్పుడు చదువుకున్నది అక్కడ కళ్ళారా చూసినట్టే.

కాబట్టి ఆ కాగితం మళ్ళీ రాయండి. పైన రాత్రులు, వాటి పక్కన ఎత్తులు. ఆ తర్వాత గంటలు, నీళ్ళు, బట్టలు. అడుగున ఒక రోజు ఖాళీగా వదలండి, ఎవరికైనా తల నొప్పితే ఆగడానికి. ఆ ఖాళీ రోజు ఉంటే ఎవరూ నొప్పిని దాచి ఎక్కరు. తీసుకెళ్ళిన ప్రతి రేపరూ, ప్రతి సీసా తిరిగి కిందికి తీసుకురండి, పైన చెత్త ఎత్తే బండి లేదు. ఒక ప్రతి ఇంట్లో మీ అమ్మకివ్వండి, ఏ రాత్రి ఎక్కడున్నారో ఆమెకి తెలియాలి. ఏ ఒక్కరికి బాగాలేకపోయినా అందరూ ఆగండి, దిగవలసి వస్తే దిగండి. కొండ ఎక్కడికీ పోదు, ఇంకో ఏడు వెళ్ళొచ్చు.